కాదని చెప్పడానికి ఎంతమంది!

మొన్న నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో మా అక్క మంచం పక్కన కూర్చుని, ఆమె పిత్తాశయంలోని రాళ్లు తీయడానికి బీమా కంపెనీవాళ్ల అనుమతి ఎప్పుడొస్తుందా అని పొద్దంతా ఎదురుచూస్తుంటే, వయసులో ఉన్నప్పుడు నేను గుమాస్తాగా చేరిన బోధన్ సర్కారు బీమా దవాఖానా గుర్తొచ్చి కడుపు మండిపోయింది.

చక్కెర ఫ్యాక్టరీ కార్మికుల జీతంలోంచి నెలనెలా కాస్త పట్టుకుని నడిపిన రెండు గదుల దవాఖానా అది. ఒక డాక్టరుగారు, ఒక నర్సమ్మ, మందులిచ్చే కంపౌండర్ చాచా, రాతకోతలన్నిటికీ నేను, అంతే మా బలగం. అదేదో స్వర్గమని చెప్పను, వానొస్తే మూలకు బకెట్ పెట్టేవాళ్లం, మందులు నిండుకుని చాచా నానా తిట్లూ తిన్న రోజులున్నాయి. కానీ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసే మా బావ, అక్క భర్త, చెయ్యి యంత్రంలో పడి నలిగిననాడు డాక్టరుగారు చీటీ రాశారు, నేను ముద్ర కొట్టాను, చాచా తన తువ్వాలు చుట్టి బావను జీపులో ఎక్కించుకుని తానే పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. చెయ్యి అక్కడెందుకు పెట్టావని విచారించడానికి ఏ మహానుభావుడూ రాలేదు. బావ చెయ్యి దక్కింది.

అయినా ఊళ్లో నలుగురు చదువుకున్నవాళ్లు మమ్మల్ని చూసి, సర్కారు సొమ్ము తిని కుర్చీలు అరగదీస్తున్నారని నవ్వేవారు. ఫ్యాక్టరీ కుంటుతున్న రోజుల్లో కార్యాలయం ఖర్చు తగ్గించాలంటూ ముందు నా కుర్చీనే ఎత్తేసి నన్ను వేరే ఊరికి పంపారు, ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, దవాఖానా కూడా పోయింది. ఏం ఖర్చండీ, నా బొంద! ఒక టేబులు, ఒక సిరాబుడ్డి, నేను.

బావ పోయాక అక్క బీడీలు చుట్టి, ఆ డబ్బుతోనే ప్రైవేటు బీమా కట్టుకుంటూ వచ్చింది. పాలసీ రాసిన ఏజెంటు ఏం పని చేస్తావమ్మా అని ఫోన్లో అడిగితే ఇంట్లోనే ఉంటానంది. మా వైపు పొద్దస్తమానం బీడీలు చుట్టే ఆడవాళ్లందరూ చెప్పే మాట అదే, చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించడం వాళ్ల లెక్కలో వంట చేసినట్టే. ఆయన గృహిణి అని రాసుకున్నాడు.

ఇప్పుడు ఆపరేషన్ అనగానే ఎక్కడెక్కడి మనుషులో లేచారు. ఫోన్లో ఒక అమ్మాయి, కాగితాలకు ఇంకొకాయన, ఆయన పైన మరొకాయన, చివరికి హైదరాబాద్ నుంచి కారేసుకుని ఎంక్వైరీ మనిషి. ఆయన లాడ్జిలో దిగి, మర్నాడు బోధన్‌లో అక్క ఇంటికి పోయి, కోడలు పోసిన చాయ్ తాగి, వాకిట్లో ఉన్న బీడీల చాట ఫోటో తీసుకుపోయాడు. వృత్తి దాచిపెట్టారు కనుక బీమా చెల్లదన్నారు. బీడీలకూ రాళ్లకూ ఏం సంబంధం తల్లీ అని నేను మొత్తుకుంటే, అది మా విభాగం కాదు సార్ అంది ఫోన్లో అమ్మాయి.

ఆ అమ్మాయి జీతం, ఏజెంటు కమీషను, కారు కిరాయి, లాడ్జి గది, అన్నీ అక్క కట్టిన ప్రీమియంలోంచే కదా! తనను అబద్ధాలకోరని తేల్చడానికి వచ్చినవాడిని ఆమే పోషించింది. సర్కారుది దుబారా అన్న నోళ్లు దీన్నేమంటాయో నాకు వినాలని ఉంది.

సర్కారు ఆసుపత్రిలో పేరు రాయించి, ఎప్పుడు పిలుస్తారో తెలియక, ఆపరేషన్ లేకుండానే అక్కను బోధన్ బస్సెక్కించి నేనూ పక్కన కూర్చున్నాను. కడుపు చేత్తో అదుముకుని, దారిలో ఎక్కడో నెమ్మదిగా అడిగింది.

"గింతమంది అచ్చి అడిగి పోయిండ్రు గద తమ్మీ, గీళ్లల్ల డాక్టర్ ఎవరు?"

కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. మన కాలంలో దవాఖానాకు పోతే ముందు నొప్పెక్కడ అని అడిగేవారు. ఇప్పుడు నువ్వెవరని అడుగుతున్నారు, చెప్పినా నమ్మడం లేదు, ఆ నమ్మకపోవడానికయ్యే ఖర్చు కూడా మన దగ్గరే పట్టుకుంటున్నారు.