ఇరవై ఎనిమిదో లెవెల్, మూడో డిప్

నాది కొలతల వృత్తి. బొగ్గుగనిలో సర్వేయర్‌ని. టేపుకు అందనిదీ, ప్లాను మీద గీత గీసి చూపించలేనిదీ ఉందంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాను. మా గనిలో దయ్యాల కథ షిఫ్టుకొకటి పుడుతుంది. డిప్లొమా చదివి వచ్చినవాణ్ణని అవన్నీ నాకే చెప్పేవాళ్లు. ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని రాయడం లేదు. నేను చూసింది ఒక పుస్తకంలో ఒక్క వరుస. ఆ కాగితం నా దగ్గరే ఉంది.

ఎనభైల చివర్లో గోదావరిఖనిలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకు కంపెనీ క్వార్టరు దొరకలేదు. క్యాథలిక్ చర్చి ఆవరణలో వెనక ఉన్న గదిలో దిగాను. మేము క్రైస్తవులం కాము. అక్కడి ఫాదర్, కురియన్ గారు, అదేమీ అడగలేదు. నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పి తాళంచెవి ఇచ్చారు.

ఆయన మలయాళీ. నలభై దాటాయి. చదివి నేర్చుకున్న తెలుగు మాట్లాడేవారు. మా కార్మికులు నవ్వేవాళ్లు, "ఫాదర్ తిట్టినా పాఠం చెప్పినట్టే ఉంటది" అని.

ఒకసారి ఆయన వారం రోజుల పనిని కాగితం మీద రాసి చూశాను. పదకొండు ఊళ్లకు ఆయన ఒక్కడే. ఊళ్లో ఉన్న రోజు తెల్లవారేసరికి గోదావరిఖనిలో పూజ. తరువాత మోపెడ్ మీద జ్యోతినగర్, రామగిరి వైపు ఆరు ఊళ్లు, గోదావరి దాటి జైపూర్ వైపు నాలుగు. పెళ్లిళ్లు, సమాధులు, తాగి కొట్టుకున్న ఇళ్లలో పంచాయితీలు, పిల్లల్ని హాస్టల్లో చేర్పించమని వచ్చే తల్లులు. వేడి అన్నం వారానికి రెండు పూటలు. నేనున్న మొదటి ఏడాదిలోనే నాలుగుసార్లు చలిజ్వరం. మలయాళంలో మాట్లాడటానికి చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు. ఒక సాయంత్రం స్టార్ట్ కాని మోపెడ్‌తో ఆయన మలయాళంలో ఏదో బతిమాలుకుంటుంటే విన్నాను.

ఒక రోజు జైపూర్ వైపు నుంచి ఒకతను వచ్చాడు. భార్య చనిపోయి మూడోరోజు. వరండాలోకి కూడా ఎక్కకుండా నిలబడి అడిగాడు.

"రెండుసార్లు మనిషిని పంపిన. నువ్వు ఇంట్ల లేవు. చివరి దాకా ఫాదర్ ఏడి, ఫాదర్ ఏడి అనుకుంటనే పోయింది. ఎవలకోసం ఉన్నవు నువ్వు?"

ఆ మనిషి వెళ్లాక ఫాదర్ వరండా మెట్టు మీద కూర్చున్నారు.

అప్పుడు ఆ పుస్తకం ఆలోచన నాకే వచ్చింది. రూళ్ల నోటుబుక్కులో మూడు గడులు గీశాను. పేరు, చోటు, పని. వరండాలో మేకుకు వేలాడదీసి, దారంతో పెన్సిల్ కట్టాను. ఫాదర్ లేనప్పుడు వచ్చినవాళ్లు రాసి పోవచ్చు. రాయడం రానివాళ్లకు పక్కింటివాళ్లు రాసిపెట్టేవాళ్లు. ఆరు నెలలు బాగానే నడిచింది.

వానాకాలంలో ఒక సోమవారం. మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. పుస్తకంలో కొత్త వరుస ఉంది.

రాయప్ప. 28 లెవెల్, 3 డిప్. అవస్థ.

అది ఇంటి చిరునామా కాదని చూడగానే తెలిసింది. గనిలో అడ్డంగా తవ్వుకుంటూ పోయే దారి లెవెల్. వాలుగా దిగే దారి డిప్. రెండూ కలిసే మూలే అక్కడ చిరునామా. అయితే మా గనిలో ఇరవై ఎనిమిదో లెవెల్ ఇంకా మూడో డిప్ దాకా చేరనే లేదు. నా ప్లానులో ఆ చోట చుక్కల గీత ఉంది, అంతే. అక్కడున్నది గట్టి బొగ్గు.

గనివాడెవడో వేళాకోళం చేశాడనుకున్నాను. 'అవస్థ' అని ఉంటే నల్లా రాకపోవడమో, పెళ్లాంతో గొడవో అనుకున్నాను. స్నానానికి వెళ్లాను. ఫాదర్ రామగిరి నుంచి మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇది ఎప్పుడు రాశారు, రమేశ్?"

"నిన్న ఫాదర్."

"నిన్న! నిన్ననే చూసి ఊరకున్నావా?"

అప్పుడు చెప్పారు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు ఫాదర్ వచ్చి నూనె పూసి ప్రార్థన చేస్తారు. దాన్ని వాళ్లు అవస్థ అభ్యంగనం అంటారు. ఇళ్లలో అనుకునేటప్పుడు ఒట్టి 'అవస్థ'. ఆ మాటకు ఆ అర్థం ఉందని నాకు తెలియదు.

ఆయన నూనె సీసా జేబులో వేసుకుని మోపెడ్ తీశారు. "ఈ లెవెల్ అనే వీధి ఎక్కడ?" అన్నారు. అది ఏమిటో చెప్పాను. మోపెడ్‌కు స్టాండ్ వేశారు.

"బొగ్గు లోపల మనిషి ఎలా ఉంటాడు?"

ఉండడని చెప్పాను. ఆయన వినలేదు. ఆ వారమంతా కనబడిన ప్రతి మనిషినీ రాయప్ప ఎవరని అడిగారు. చర్చి కుటుంబాల జాబితాలో ఆ పేరు లేదు. మా గని హాజరు పట్టీలో నేను రెండుసార్లు వెతికాను, లేదు. ఆదివారం పూజలో ఫాదర్ అందరి ముందూ అడిగారు. "రాయప్ప అనే వ్యక్తి ఇక్కడ ఉంటే లేచి నిలబడవలెను. ఆయన ఇంటివారు ఉన్నా సరే." ఎవరూ లేవలేదు.

మర్నాడు నన్ను పిలిచి అడిగారు, ఆ చోటికి తవ్వకం ఎప్పుడు చేరుతుందని. కొలిచాను. ఇంకా పద్దెనిమిది మీటర్లు. రోజుకు మీటరున్నర. పన్నెండు పనిరోజులు. అంటే పై శనివారం.

ఆ లెక్క చెప్పకపోతే బాగుండేది. ఆయన ఊళ్లకు వెళ్లడం మానేశారు. పుస్తకం పక్కనే కుర్చీ వేసుకున్నారు. జ్వరం వచ్చింది. రెండు ఊళ్లలో ఆదివారం పూజ జరగక పెద్దమనుషులు వచ్చి కోప్పడి పోయారు. తనను గని లోపలికి తీసుకుపొమ్మని ఫాదర్ నన్ను బతిమాలారు. బయటివాళ్లు గని దిగాలంటే అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టాను, రాలేదు. పని ఆపించమన్నారు. ఏమని ఆపించను? చివరికి సిగ్గు విడిచి, షిఫ్టు పని చేయించే మా ఓవర్‌మన్ ఖాదర్ భాయ్‌తో చెప్పాను.

"అరే సర్వే సాబ్, ఎవడో మీతోని మస్తు మజాక్ చేసిండు. చర్చి బుక్కుల రాసిండ్రని నేను పని బంద్ చేస్తే, మేనేజర్ నన్ను పోయి ఆ చర్చిలనే డ్యూటీ చెయ్యమంటడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత ఖాదర్ భాయే పక్కకు పిలిచి, "ఫికర్ చెయ్యకుండ్రి. పైబండకు దన్నుగ రెండు దిమ్మెలు ఎక్కువ పెట్టిస్త" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు.

శనివారం మొదటి షిఫ్టులో నేను కూడా దిగాను. మూడో డిప్ మూల అప్పుడే తెరుచుకుంది. పైబండను కర్రతో నేనే కొట్టి చూశాను. గట్టి బండ గంటలా మోగుతుంది, వదులైతే బోలుగా పలుకుతుంది. అది మోగింది. దిమ్మెలు లెక్కపెట్టాను. అక్కడ ఐదుగురు పనిచేస్తున్నారు. హాజరు పుస్తకం తీసి ఐదు పేర్లూ చదివించాను. అయినా ఆగలేక పైకే అడిగాను, మీలో రాయప్ప ఎవరన్నా ఉన్నారా అని.

దిమ్మెలు పెట్టే కొమురయ్య నా వైపు తిరగకుండానే అన్నాడు, "రాయప్ప లేడు సారూ, ఈడ ఉన్నదంత రాయే."

మళ్లీ అందరూ నవ్వారు. నా గుండె తేలికపడింది.

పైకి వచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్ బెంచీ మీద తెల్లటి అంగీతో ఫాదర్ పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నారు. రాయప్ప లేడు, బండ గట్టిగా ఉంది, ఇంటికి వెళ్లండి అన్నాను. వారం తర్వాత మొదటిసారి ఆయన నోరు తెరిచి చాయ్ అడిగారు. గ్లాసు చేతికి వచ్చేలోపే లోపలినుంచి ఫోను. మూల దగ్గర బండ కూలింది. ఒక మనిషి దాని కింద చిక్కుకున్నాడు. అప్పుడు టైము పదకొండూ ఇరవై.

పన్నెండింటికి స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. కొమురయ్య. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఫాదర్ నూనె సీసా మూత తీసి ముందుకు వచ్చి నా మొహంలోకి చూశారు.

"ఈయన కాదు ఫాదర్. కొమురయ్య" అన్నాను.

ఆయన ఆగిపోయారు. వేరే మతం మనిషికి, ఇంటివాళ్లు లేకుండా, అంతమంది ముందు నూనె పూయడం ఎలాగని వెనక్కి తగ్గారు. పక్కన నిలబడి చేతులు జోడించారు. కొమురయ్య కళ్లు ఆయన మీదే ఉన్నాయి. అది నేను చూశాను. చీకట్లోంచి వచ్చినవాడు వెలుతురు వైపు చూస్తున్నాడేమో అనుకున్నాను. అంబులెన్స్ తలుపు వేశారు.

బయటివాళ్లకు తెలియని మాట ఒకటి చెప్పాలి. మా దగ్గర మారుపేరు మీద పనిచేసేవాళ్లు ఉంటారు. ఒకరి పేరు మీద వచ్చిన ఉద్యోగంలో ఇంకొకరు చేరతారు. ఆ పేరుతోనే డ్యూటీ, ఆ పేరుతోనే రిటైరు. అసలు పేరు బయటపడితే కొలువు పోతుంది. మా షిఫ్టులో అలాంటివాళ్లు నలుగురున్నారని నాకు తెలుసు. ఆ గేటు దగ్గర, ఆ అర నిమిషంలో, అది నాకు గుర్తు రాలేదు.

ఫాదర్ ఉండలేక మోపెడ్ మీద దవాఖానకు బయల్దేరారు. వెనక నేను ఎక్కాను. దారిలో రెండుసార్లు ఆగిపోయింది. వరండాలోకి వెళ్లేసరికి ఒకామె అప్పుడే వచ్చి నేల మీద కూలబడి గుండెలు బాదుకుంటోంది. "ఓ రాయప్పా, ఓ నా రాయప్పా" అంటోంది.

ఫాదర్ ఆమె పక్కన నేల మీద కూర్చుని ఆ పేరు ఎవరిదని అడిగారు.

ఆమె పేరు అన్నమ్మ. కొమురయ్య భార్య. ఎవరైనా అసలు పేరుతో పిలుస్తారన్న భయానికి అతను తొమ్మిదేళ్లుగా చర్చి గడప తొక్కలేదు. ఆమె మాత్రం అప్పుడప్పుడు వచ్చి చివరి వరుసలో కూర్చుని పోయేది. ఫాదర్ అడిగిన ఆ ఆదివారం కూడా ఉంది.

"నువ్వు పేరు పిలిస్తే పాణం గుబేలుమన్నది ఫాదర్. మా కొలువు తీసెయ్యనీకి ఎవలో చెప్పిండ్రనుకున్న. ఇంటికి పోయి చెప్తే ఆయన గూడ నోరు మూసుకో అన్నడు."

ఫాదర్ లోపలికి వెళ్లారు. అప్పటికే గుడ్డ కప్పేశారు. ప్రాణం ఇంకా ఉంటే అందాలని చేసే ప్రార్థన ఒకటి ఉందట. నుదుటికి, అరచేతులకు నూనె పూసి అది చదివారు. బయటికి రాగానే అన్నమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

"అందిందా ఫాదర్? పాణం ఉండంగనే అందిందా?"

ఆయన అబద్ధం చెప్పలేరు. నేల చూశారు. ఆమె నా వైపు తిరిగింది.

"పాణం పోయి ఎంతసేపైంది సారూ?"

దవాఖానవాళ్లు రాసిన కాగితంలో చనిపోయిన టైము నేను చదివాను. పన్నెండూ ఇరవై అయిదు. నా గడియారంలో ఒంటిగంటా పది.

"పది నిమిషాలు కూడా కాలేదమ్మా" అన్నాను.

"పాణం గంత జల్ది పోదు" అంది. నెమ్మదిగా ఆయన కాళ్లు వదిలింది.

అతన్ని చర్చి స్థలంలోనే పూడ్చారు. కంపెనీ కాగితాల్లో ఇంకో పేరు ఉంది కాబట్టి సిలువ మీద ఏమీ రాయించలేదు. ఏడాది తిరక్కుండానే ఫాదర్ ఆరోగ్యం చెడి కేరళ వెళ్లిపోయారు.

తరువాత నాకు చేతనైన తనిఖీ అంతా చేశాను. రాయప్పకు వేలిముద్రే తప్ప రాత రాదు. అన్నమ్మకూ రాదు. ఆ సోమవారం అతను మొదటి షిఫ్టులో లోపలే ఉన్నట్టు హాజరు ఉంది. మూడో డిప్ అక్కడ వస్తుందని తెలిసినవాళ్లు నేనూ, మా అధికారులూ, ఖాదర్ భాయ్. రాయప్ప అనే పేరు తెలిసినవాళ్లు ఆ మొగుడూ పెళ్లాం. రెండూ తెలిసిన మనిషి ఎవరూ నాకు దొరకలేదు. అందరి చేతిరాతలూ పోల్చాను. ఏదీ కలవలేదు. పంతొమ్మిది రోజుల ముందు అది ఎవరు రాశారో, ఎలా రాశారో నాకు తెలియదు. నాలుగేళ్లయింది, ఇప్పటికీ తెలియదు.

మొన్న కూరగాయల మార్కెట్లో అన్నమ్మ కనబడింది. ఎవరికో నన్ను చూపించి, "ఆ దినం ఈ సారే టైము చూసి చెప్పిండు. ఆయనకు అందింది" అంది.

నేను కాదనలేదు. ఆమె చేతిలోంచి సంచీ తీసుకుని బస్సు దాకా నడిచాను.