వెనక వరుసలో కూర్చున్నావిడ హోదా విషయమై

ఒక మరణాన్ని ప్రకటించడానికి పద్ధతి ఒకటి ఉంది. మొదట పేరు, తరువాత హోదా, ఆ హోదాలో సేవ చేసిన కాలం, చివర విచారం. ఈ వరుస తప్పకూడదు. హోదా తేలకుండా విచారించడం మా కార్యాలయంలో నిబంధనలకు విరుద్ధం. విద్యార్థి మరణిస్తే ఒక నిమిషం మౌనం, అధ్యాపకులు మరణిస్తే రెండు నిమిషాలు, ఇతర సిబ్బంది అయితే నోటీసు బోర్డు మీద ఒక కాగితం. ఎవరి కోసం ఎంత బాధపడాలో ముందే నిర్ణయమై ఉండటం వల్ల పనివేళలకు అంతరాయం కలగదు.

గత ఆదివారం మధ్యాహ్నం, ఈ అరబ్బు దేశంలో, సీబ్‌లోని ఒక విల్లాలో, ఇంటిల్లిపాదికీ వడ్డించాక కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళిన ఒక కడప జిల్లా ఆవిడ మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందని డాక్టరు రాశారు. ఆమె మా విశ్వవిద్యాలయంలో, ఇండోనేషియా భాషా తరగతిలో, వెనక వరుసలో ఏడాదిన్నరగా కూర్చున్నారు. సంతాప ప్రకటన రాసే పని నాకు అప్పగించారు. పేరు దగ్గర నాకు ఇబ్బంది రాలేదు. హోదా దగ్గర ఆగిపోయాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

నేను బౌషర్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రయాణ పత్రాలు చూసే గుమాస్తాను. ఇండోనేషియా కోర్సులో వారానికి మూడు రోజులు భాష, ఒక రోజు సంస్కృతి, ఏటా ఒకసారి ఆ దేశానికి ఆరు వారాల ప్రయాణం. ఆవిడ పనిచేసే విల్లా వారి అమ్మాయి ఈ కోర్సులో చేరింది. ఎందుకు చేరిందంటే, ఆ అమ్మాయిని పసితనం నుంచి చంకనేసుకుని పెంచింది ఆ ఇంటి పాత వంటావిడ. ఆమెది ఇండోనేషియాలోని జావా. అమ్మాయికి మొదటి మాటలు ఆ భాషలోనే వచ్చాయట. ఇప్పుడు వాటిని మార్కుల కోసం మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. ఇంట్లోంచి ఒక ఆడమనిషి తోడు వెళ్ళాలని తండ్రి షరతు పెట్టారు. ఆ విధంగా ఈ కడప ఆవిడ తరగతికి వచ్చారు.

ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. ఒక సంచి నిండా కొత్తిమీర తెచ్చుకుని పాఠం జరుగుతున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకుని ఏరేవారు. ఆ గదిలోంచి వచ్చే వాసనకు పక్క తరగతిలోని గణితం విద్యార్థులకు ఆకలి వేస్తోందని నాకు లిఖితపూర్వక ఫిర్యాదు కూడా అందింది.

మూడో రోజున, ఇండోనేషియా నుంచి వచ్చిన మాస్టారు ఒక కుర్రవాణ్ణి లేపి, ఈ ఉదయం ఏం తిన్నావని ఆ భాషలో అడిగారు. కుర్రవాడు పుస్తకంలో వెతుకుతున్నాడు. కొత్తిమీర కట్ట మీంచి తల ఎత్తకుండా వెనక నుంచి జవాబు వచ్చింది. "వాడేం తినలేదు, మొహం చూస్తే తెలియడం లేదూ, ముందు ఏదైనా పెట్టి అప్పుడు అడగండి." ఈ మొత్తం వాక్యం చక్కని ఇండోనేషియాలో వచ్చింది. చక్కని అంటే, జావా పల్లెటూళ్ళలో ముసలమ్మలు మాట్లాడే ఇండోనేషియాలో. పరీక్షలో రాస్తే సున్నా వస్తుందని మాస్టారే నాకు చెప్పారు. చెప్పేటప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సంగతేమిటంటే, ఆమె పదిహేడేళ్ళ క్రితం ఆ విల్లాకు వచ్చినప్పుడు తెలుగు తప్ప మరో మాట రాదు. వంటింటి పెత్తనం ఆ జావా పెద్దావిడది. ఉప్పు, కత్తి, మంట తగ్గించు, గ్లాసు పగలగొట్టిందెవరు, మేడమ్ వస్తోంది, ఇలా ఇండోనేషియా భాష అంతా ఆమె దగ్గరే నేర్చుకున్నారు. పదకొండేళ్ళు కలిసి వండాక పెద్దావిడ మోకాళ్ళు అరిగి ఊరికి వెళ్ళిపోయారు.

విద్యార్థులు ఈవిడను "ఇబు" అనడం మొదలుపెట్టారు. అక్కడ అమ్మనూ, పెద్ద వయసు ఆడవాళ్ళనూ, పంతులమ్మనూ అలాగే పిలుస్తారట. మాస్టారు హాజరు పట్టీ చివర ఆమె పేరు పెన్సిలుతో రాశారు. పెన్సిలు ఎందుకంటే, ఎప్పుడైనా చెరపవచ్చని. సంస్కృతీ దినోత్సవం నాడు ఆమె పిల్లలను ఇండోనేషియాలో తిడుతుండగా డీన్ గారు చూసి, రాయబార కార్యాలయం నుంచి వచ్చిన అతిథి అనుకుని జ్ఞాపికగా ఒక గిన్నె బహూకరించారు. ఆమె తీసుకున్నారు. అందులో ఖర్జూరాలు పోసుకున్నారు.

ఏడాది చివర మౌఖిక పరీక్షకు బయటి నుంచి పరీక్షకులు వచ్చారు. మీ నగరాన్ని వర్ణించమని ఒక కుర్రవాణ్ణి అడిగితే, అతను లేచి, చేతులు కడుక్కుని కూర్చోండి, ఇంత బక్కచిక్కారేమిటి, ఇంట్లో ఎవరూ చూడటం లేదా అన్నాడు. పరీక్షకులు తమ నివేదికలో ఇలా రాశారు: "వ్యాకరణం బలహీనం. ఇంటికి వెళ్ళినట్టనిపించింది." రెండో వాక్యానికి మార్కుల గడి లేనందున నేను దానిని జతపరచిన కాగితంగా భద్రపరిచాను.

ఆమె నా కిటికీ దగ్గరికి మొదటిసారి వచ్చింది ప్రయాణం ఫారంతో. నేను ఇంగ్లీషులో ప్రశ్నలు వేశాను, తరువాత హిందీలో. ఆమె వంటింటి అరబ్బీలో జవాబిచ్చారు. పావుగంట గడిచాక పక్కకు తిరిగి, "ఈయప్పకు ఏం జెప్పినా బుర్రకెక్కేట్టు లేదు" అన్నారు.

"ఎక్కింది తల్లీ" అన్నాను.

"అయ్యో, మనోడివేనా! ముందే జెప్పగూడదా అన్నా? ఇంతసేపూ అరబ్బీలో సంపితివి!"

"విద్యార్థి అన్న గడిలో టిక్కు పెట్టారు."

"మరి తరగతిలో కూచుంటాండా గదా."

"అడ్మిషన్ నంబరు ఏదమ్మా?"

"అది యాడిస్తారు?"

"అడ్మిషన్ తీసుకున్నవాళ్ళకు ఇస్తారు."

"మరి నాకియ్యలేదే" అన్నారు, తప్పు నాదే అన్నట్టు.

ఫారం వెనక్కి పంపాను. రెండోసారి ఉద్యోగి అన్న గడిలో టిక్కు పెట్టుకుని వచ్చారు. "సారు బోర్డు మీద రాస్తాడు, అంతే. పిల్లోళ్ల నోరు తెరిపిచ్చేది నేనే. అడుగు పో" అన్నారు. ఉద్యోగి నంబరు లేదు గనుక తిప్పి పంపాను. మూడోసారి సంరక్షకురాలు అని రాయించుకొచ్చారు. అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు నిండాయి, నిబంధనల ప్రకారం సంరక్షకులు అక్కరలేదు. తండ్రి నిబంధన ప్రకారం మాత్రం అక్కర ఉంది. రెండు నిబంధనలు ఎదురుపడినప్పుడు ఏం చేయాలో మూడో నిబంధన లేదు. డీన్ గారిని అడిగాను. "ఏదో ఒకటి రాయండి, కాని తప్పు రాయకండి" అన్నారు.

ఆ మూడోసారి ఆమె వెంటనే వెళ్ళలేదు. కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఒగ మాట జెప్తా ఇనన్నా. పదకొండేండ్లు ఆ పెద్దమ్మతో ఒగే వంటింట్లో వండినా. ఒగ దినం గూడా ఇద్దరం ఎదురుబొదురు కూచోని తిన్లేదు. ఆయమ్మ తింటాంటే నేను వడ్డించల్ల, నేను తింటాంటే ఆయమ్మ. ఎప్పుడూ ఎవురో ఒగరు లోపల తింటానే ఉంటారు గదా ఆ ఇంట్లో. పొయ్యేటప్పుడు ఏర్‌పోర్టులో జెప్పింది, మా ఇంటికి రా, కూచోని తిందాం అని. వస్తానంటి. ఒగసారి పోయి, కూచోని, తినేసి వస్తా. ఆ పొద్దు నేను యా గడిలో ఉంటే నీకేం?"

నాకేం? ఫారం నా బల్ల మీద ఇరవై మూడు రోజులు ఉంది. ఈలోగా ప్రయాణం తేదీ వచ్చింది, బృందం వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళలేదు, ఆమె లేకుండా అమ్మాయినీ పంపలేదు. ఇది ఎవరి తప్పు అని విచారించడానికి ఏ సంఘాన్నీ నియమించలేదు. కనుక తప్పు నాదేనని నేను వ్యక్తిగత హోదాలో నమోదు చేసుకున్నాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు కూడా తరగతికి వచ్చారు. నన్ను చూసి "తిన్నావా?" అని తెలుగులో అడిగి, వెంటనే అదే మాట ఇండోనేషియాలో అడిగి, నా చేత పలికించారు. "ఈ మాట అడగడం రాకుంటే ఆ బాస ఎంత వచ్చినా రానట్లే" అన్నారు. నాకు ఆ భాషలో ఇప్పటికీ అదొక్కటే వచ్చు.

ఈ ఏడాది మాస్టారు పట్టుబట్టారు. "భాషా సహచరి" అనే హోదా ఒకదాన్ని సృష్టించడానికి సంఘం వేశారు. మూడుసార్లు సమావేశమయ్యారు. మొదటి సమావేశంలో హోదా అంటే ఏమిటన్నది చర్చకు వచ్చి సమయం చాలలేదు. చివరకు ఆమోదం వచ్చింది. కబురు చెప్పగానే ఆమె అడిగింది ఒక్కటే. "చెనక్కాయల పొడి తీసకపోవచ్చునా? యా గడిలో రాయల్ల?"

"అక్కడ దొరకవా చెనక్కాయలు?"

"ఎందుకు దొరకవు? మా కడపోళ్లూ వాళ్లూ ఒగటే అన్నా, అన్నిట్లోకీ చెనక్కాయే. కానీ మన కారం ఆయమ్మకు ఇష్టం. ముక్కు కార్చుకుంటా తింటాది."

సంస్కృతీ సామగ్రి అన్న గడిలో రాశాను. ఆ తరువాతి ఆదివారమే పోయారు.

సంతాప ప్రకటనకు హోదా అడిగితే, భాషా సహచరి పదవి ప్రయాణం రోజు నుంచి అమలులోకి వస్తుందని, ఆలోపు చెల్లదని రిజిస్ట్రారు కార్యాలయం వివరణ ఇచ్చింది. ఎన్ని నిమిషాల మౌనమో తేలలేదు. తరగతిలో విద్యార్థులు తమంతట తామే లేచి నిలబడ్డారు. ఎప్పుడు కూర్చోవాలో చెప్పే అధికారం ఎవరికుందో మాస్టారికి తెలియలేదు. పీరియడ్ అయిపోయింది.

ఆమెను కడపకు పంపే కాగితాలు నేనే దగ్గరుండి చూశాను. వాటిలో వృత్తి అన్నచోట ఇంటి పనిమనిషి అని ఉంది. ఆ కాగితాల మీద మాత్రం ఏ కార్యాలయానికీ ఏ సందేహమూ రాలేదు.

కడప నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. "మా అక్క ఆడ ఏం పని జేసేది సార్? వంట అని ఒగసారి, కాలేజీలో పాఠాలు అని ఒగసారి చెప్పేది. మేం నవ్వేవాళ్లం."

"రెండూ నిజమేనమ్మా" అన్నాను.

"నిజమేనా?" అని, ఆవిడ పక్కనున్నవాళ్ళకు గట్టిగా చెప్పారు, రెండూ నిజమేనట అని.

జావా పెద్దావిడకు కబురు చెప్పడం అమ్మాయి వంతైంది. మాస్టారు పక్కన కూర్చున్నారు. విన్నాక పెద్దావిడ అడిగారు, తన ఇంటికి భోజనానికి ఎంతమంది వస్తున్నారని. అమ్మాయి లెక్కపెట్టి పద్నాలుగు మందిమి అంది.

"పదిహేను" అన్నారు పెద్దావిడ. "నేను బియ్యం లెక్క వేసేసుకున్నాను. ఇప్పుడు మార్చను."

నిన్న నేను కంప్యూటరులో పదిహేనో పేరు తీసివేయడానికి కూర్చున్నాను. కారణం అడిగింది. తనంతట తాను విరమించుకున్నారు, పరీక్ష తప్పారు, వీసా రాలేదు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆమె విరమించుకోలేదు. తప్పలేదు. వీసా వచ్చింది. నేను తెర మూసివేశాను.

కనుక ప్రయాణ పత్రాల విభాగం తరఫున, నాకు లేని అధికారంతో, ఈ నియమం జారీ చేస్తున్నాను. అక్కడికి చేరిన మొదటి మధ్యాహ్నం విద్యార్థులందరూ ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాలి. ఆకలి లేదన్న కారణం అంగీకరించబడదు. పదిహేను పళ్ళేలు పెట్టాలి. పదిహేనో పళ్ళేనికి ఎదురుగా వండినావిడే తన పళ్ళెం పెట్టుకుని కూర్చోవాలి, ఆమె వడ్డించడానికి లేవబోతే పద్నాలుగు మందీ కలిసి కూర్చోబెట్టాలి, ఆమె తినడం అయ్యేవరకూ ఎవరూ చేయి కడగరాదు. మరణించారన్న కారణంతో భోజనాల లెక్క నుంచి ఎవరి పేరూ తొలగించబడదు. ఇది తుది నియమం. దీనిపై అప్పీలు లేదు.