ఆశాజ్యోతి టీచరు జవాబులు

భీమవరంలో ఒక ఎయిడెడ్ హైస్కూల్లో ఆశాజ్యోతి ఇంగ్లీషు టీచరు. తండ్రి లూథరన్ చర్చి పాస్టరు. పొద్దున్నే కూతురిని ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషు బైబిలు గట్టిగా చదివించేవాడు. మాట తడబడితే అధ్యాయం మళ్లీ మొదటికొచ్చేది. క్లాసులో ఆవిడ పాఠం చదువుతుంటే పక్క గదిలోకి కూడా వినిపించేది.

రెండువేల రెండులో స్కూలు పనిమీద ఈమెయిల్ పంపడానికి పల్లంరాజు నెట్ సెంటరుకి వెళ్లినప్పుడు ఒక ఫోరం కంటబడింది. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం టొరంటోలో గ్రెగ్ అనే ఆయన దాన్ని నడుపుతున్నాడు. వియత్నాం నర్సులు, బ్రెజిల్ డ్రైవర్లు, ఈజిప్టు గుమస్తాలు అందులో సందేహాలడిగేవారు. 'సిన్స్' ఎక్కడ, 'ఫర్' ఎక్కడ అని ఒకరడిగితే ఎవరో చెప్పేవారు. వారం తిరక్కుండా ఇంకొకరు అదే అడిగేవారు. ఆవిడకి తన తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. ఆ ప్రశ్నలన్నీ పోగుచేసి, ఒకే చోట వరసగా పేర్చి, తేలిక మాటల్లో జవాబులు రాసింది. గ్రెగ్ సంబరపడి ఆ పేజీ బాధ్యతంతా ఆవిడకే అప్పజెప్పాడు.

నాలుగేళ్లు బడి వదలగానే నెట్ సెంటరుకే నడిచింది. కొత్త ప్రశ్న వస్తే చేర్చేది, పాత జవాబు ఎవరికైనా కొరుకుడు పడకపోతే తిరగరాసేది. ఫోరంలో ఆవిడ పేరు 'ఏజే'. చాలామంది 'సర్' అని రాసేవారు. లండన్ ప్రొఫెసరు అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

తర్వాత ఫోరంలో నోటితో మాట్లాడుకునే ఏర్పాటు వచ్చింది. మొదటిరోజు ఏజేనే మాట్లాడమన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, 'ఎ', 'ది' ఎప్పుడు వాడాలో చక్కగా వివరించింది. మీది ఏ దేశమని ఎవరో అడిగారు. చెప్పింది. ఎవరో నవ్వారు.

ఆ వారం నుంచే ప్రతి జవాబు కింద ఒకటే మాట: దీన్ని నేటివ్ స్పీకర్, అంటే ఇంగ్లీషే మాతృభాష అయినవాళ్లు, ఎవరైనా చూశారా? గ్రెగ్ మర్యాదగానే మెయిల్ రాశాడు. ప్రశ్నలు పోగుచేయడం మీరే చేయండి, జవాబులు మాత్రం ఆస్ట్రేలియా కుర్రాడు బెన్ చూసి ఖాయం చేస్తాడు అని. బెన్ కాలేజీ విద్యార్థి. జవాబులన్నీ ఉన్నవున్నట్టే ఉంచి కింద తన పేరు పెట్టుకున్నాడు. ఒక్కచోట మాత్రం, తప్పుల్ని లెక్కపెట్టొచ్చు కాబట్టి 'ఫ్యూయర్ మిస్టేక్స్' అనాలని ఆవిడ రాసినదాన్ని 'లెస్ మిస్టేక్స్' అని దిద్దాడు. ఆవిడ వ్యాకరణం చూపించింది. "నేను పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాష ఇది" అని రాశాడు వాడు. గ్రెగ్ వాడి పక్షానే నిలబడ్డాడు.

రెండేళ్లుగా తన దగ్గరే నేర్చుకున్న వియత్నాం నర్సు లాన్‌కి రాసింది, నువ్వైనా ఒక మాట చెప్పమని. లాన్ జవాబిచ్చింది: "క్షమించండి మేడమ్. నాకు పరీక్ష ఉంది. అసలైన ఇంగ్లీషు కావాలి."

ఆ మాట ఇంటికొచ్చి భర్తకి చెప్పింది. జయపాల్ ఐస్ ఫ్యాక్టరీ ఆఫీసులో గుమస్తా.

"నువ్వు కట్టిందేగా, నువ్వే పీకెయ్" అన్నాడు.

"నేర్చుకునేవాళ్లు ఏమైపోతారండీ?"

"నీకేమైందని వాళ్లెవరైనా అడిగారా?"

మర్నాడు తను రాసినవన్నీ ఒక్కొక్కటిగా తీసేసింది.

"అయిపోయిందాండి, మేడమ్‌గారూ?" అన్నాడు పల్లంరాజు కౌంటరు నుంచి.

"అయిపోయిందండి."

తర్వాత ఓసారి వెళ్లి చూస్తే పేజీ మొత్తం ఎప్పట్లాగే ఉంది. గ్రెగ్ దగ్గర ఇంకో కాపీ ఉందిగా. అందులో ఏజే పేరు ఎక్కడా లేదు. ఆవిడ పాస్‌వర్డు పనిచేయలేదు.

అది ఫోరంతో పోయినా బాగుండేది. క్లాసులో పాఠం చదువుతుంటే తన గొంతు తనకే పరాయిగా వినపడసాగింది. రెండూ ఒకేలా పలుకుతున్నానేమోనని ప్రతి 'డబ్ల్యూ' దగ్గరా, ప్రతి 'వి' దగ్గరా నాలుక ఆగేది. ఎవరు నవ్వుతున్నారోనని తలెత్తి చూసేది. ఎవరూ నవ్వేవారు కాదు.

"వినపడట్లేదండి, టీచర్‌గారూ" అంది వెనక బెంచీలోంచి నాగదుర్గ.

ఆశాజ్యోతి పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చి, "నువ్వు చదువమ్మా" అని కుర్చీలో కూర్చుంది.