ప్లగ్గు పీకే బాబాయి

మా బాబాయి నలభై ఏళ్ళు కరెంటు పని చేశాడు. అన్నేళ్ళలో ఒక్కసారీ షాకు కొట్టించుకోలేదంటే కారణం ఆయన అలవాటే. కుర్చీలోంచి లేస్తే ముందు ప్లగ్గు పీకుతాడు. రేడియో, ఇస్త్రీపెట్టె, ఎదుటివాళ్ళింట్లో టీవీ, ఏదైనా సరే. ఒకసారి మా ఇంటికొచ్చి, వెళుతూ వెళుతూ ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకాడు. పాలు విరిగాయి. నేను నోరు చేసుకున్నాను. "పాలు పోతే పోయాయి, ఇల్లు నిలిచింది" అన్నాడాయన.

పిన్నికి రెండేళ్ళుగా చెవులు బాగా మందగించాయి. కాలింగ్ బెల్ వినపడదు. ఓ రోజు పక్కింటావిడ పావుగంట బెల్ కొట్టి, మనిషి లోపల ఉండి కూడా తలుపు తీయలేదని మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పిన్ని పెరట్లో మొక్కలు వదిలేసి, ముందుగదిలో కుర్చీ వేసుకుని పొద్దంతా తలుపునే చూస్తూ కూర్చునేది.

బెల్ నొక్కగానే వెలిగేలా బాబాయి వెనక వసారాలో ఓ బల్బు పెట్టాడు. పిన్ని పెదవి విరిచింది.

"వచ్చిందెవరో తెలియాలి కదండీ. పాలవాడైతే గిన్నె తీసుకెళ్ళాలి, పక్కింటావిడైతే జుట్టు సవరించుకోవాలి."

దాంతో వ్యవహారం నా దగ్గరికొచ్చింది. నేను బళ్ళో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చిచ్చాను. పాలవాడు ఒకసారి, పక్కింటావిడ రెండుసార్లు, బాబాయి మూడుసార్లు బెల్ నొక్కితే, వచ్చిందెవరో వసారాలోని చిన్న తెర మీద అక్షరాల్లో పడాలి. ప్రోగ్రాం తనే రాస్తానని బాబాయి పట్టుబట్టాడు. అయితే ముందు మెమరీ కార్డు మీద సిస్టం ఎక్కించి, తర్వాత ప్రోగ్రాం రాసుకునే సరంజామా అంతా నెట్ నుంచి దించుకోవాలి. అన్నీ కాగితం మీద వరసగా రాసిచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అమ్మాయ్, తెర నల్లబడింది. నీ బోర్డు నాసిరకం."

వెళ్ళి కార్డు మళ్ళీ మొదటినుంచి సిద్ధం చేశాను. మర్నాడు అదీ పోయింది. కొత్త కార్డు కొన్నాను, బుధవారానికి అదీ పాడైంది. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, తప్పు బోర్డుదేనంటాడు. ఇక నావల్ల కాదనేశాను. కుర్చీలో ఉన్న పిన్ని మొహం చిన్నబోయింది. అది చూశాక లేవబుద్ధి కాలేదు.

నాలుగోసారి పిన్ని తన కుర్చీ లాక్కొచ్చి తెర ముందు వేసుకుంది. నెట్ నుంచి ఎంత దిగిందో చూపే గీత తెర మీద మెల్లగా నిండుతోంది. చెవులు మొరాయించాక ఆవిడ కంటి నుంచి ఏదీ తప్పించుకోదు. "అన్నం పెట్టెయ్" అంటూ బాబాయి లేచి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు. పిన్ని ఆ చెయ్యి పట్టేసుకుంది.

"ఈ గీత ఇంకా సగమే నిండింది కదండీ. రోజూ ఇలాగే పీకుతున్నారా?"

"లేచాక పీకకపోతే ఎలా?" అన్నాడాయన, నిజంగానే అర్థం కాక.

మధ్యలో కరెంటు పోతే కార్డు పాడవుతుందన్న ముక్క నా కాగితంలో లేదు. ఫ్రిజ్ సంగతి మరిచిపోయిన బుద్ధిహీనురాలిని నేనే. ముగ్గురం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ పూట పిన్ని కంచం అక్కడికే తెచ్చిచ్చింది. గీత నిండేదాకా బాబాయి కుర్చీలోంచి కదల్లేదు. లేస్తే తన చెయ్యి ఊరుకోదని ఆయనకే తెలుసు.

తర్వాత వారమంతా ఆయన ప్రోగ్రాం రాస్తుంటే పిన్ని పక్కనే కూర్చుని చూసింది. ఆపై ఆదివారం పరీక్ష. పిన్ని పెరట్లో పాదులు చేస్తోంది, ముందుగదిలో కుర్చీ ఖాళీ. బాబాయి వీధిలోకెళ్ళి మూడుసార్లు నొక్కాడు. ఆయన రాసుకున్నది "ఇంటాయన" అని. తెర మీద మాత్రం "ప్లగ్గు పీకేవాడు" అని పడింది.

పిన్ని మట్టిచేతులతో నవ్వుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. బాబాయి వసారాలోకొచ్చి ఆ అక్షరాలు చదువుకుని, పిన్ని వైపు తిరిగి నోరు స్పష్టంగా కదిలిస్తూ అడిగాడు.

"ఎప్పుడు మార్చావు?"

"మీరు నిద్రపోతున్నప్పుడు. పదండి, టమాటా మొక్కలకి కర్రలు కట్టాలి."

బాబాయి చెయ్యి ప్లగ్గు దాకా వెళ్ళింది. అక్కడే కాసేపు ఆగింది. తర్వాత ఆ చేతిని జేబులో పెట్టుకుని, పిన్ని వెనకాలే పెరట్లోకి నడిచాడు.