సారు కొట్టేసిన వాక్యం

మామిడి సొన వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఐదో తరగతిలో ఇంగ్లీషు సారు, ‘రూల్’ అంటే పరిపాలించడమని చెప్పి, ఆ మాటతో ఒక వాక్యం రాయమన్నారు. అందరూ రాజు గురించి రాశారు. నేను మాత్రం మా అమ్మ మామిడితోటను పరిపాలిస్తుందని రాశాను. కోతలప్పుడు కూలీలందరికీ ఆమె మాటే మాట మరి.

“మీయమ్మేమన్నా మహారాణా?” అంటూ సారు ఎర్రసిరాతో కొట్టేశారు.

ఏడుస్తూ తోటకు పోయాను. కాయలు ఏరుతున్న అమ్మ, సారును తిడుతుందనుకున్నాను.

“సారు సెప్పింది నిజమే పాపా. కాయలు కొనేదానికి మండీ ఆయన వస్తే, నన్ను సూసి ‘మీ ఇంటాయన యాడ?’ అంటాడు,” అని, సొన చేతులతోనే మళ్ళీ గంప మీదికి వంగింది.

సారు గీసిన గీతను ఆ ఏడాదే మరిచిపోయాను. అమ్మ గీసిందే ఇంకా చెరగలేదు.