మచ్చ వైపు కూర్చునే డాక్టరమ్మ

లేదక్కా, నిన్న నువ్వన్న మాట తప్పు. డాక్టరమ్మ గుండె ఆగి పోయిందని క్లినిక్ నుంచి ఫోనొచ్చి అర్ధగంట కూడా కాలేదు, "ఇంగ నిన్ను అడిగేవాళ్లు ల్యారు, నోరు మూసుకోని ఆపరేషన్ చేయించుకో" అంటివి.

చదివేవాళ్లకు చెప్తా. ఈ అక్క, నేను కువైట్లో అర్దియా అనే పేటలో ఒకే ఇంట్లో పని. అక్కది వంట, నాది డ్రైవరు పని. నా కుడి చెంప మీద పుట్టినప్పట్నుంచీ నల్లమచ్చ, అరచెయ్యంత. పిల్లోళ్లు నవ్వుతాండారని బడి మానేస్తి. ఈడ మా మామా, అదే ఇంటి యజమానురాలు, "నా బిడ్డల సావాసగాళ్లు నిన్ను జూసి జడుసుకుంటాండారు, ఖర్చు నాది, తీపిచ్చుకో" అనింది. కాదంటే వేరే డ్రైవరు.

ఆపరేషన్‌కు ముందు మనసు ఎట్లుందో చూసేది ఈ డాక్టరమ్మే. గోదావరి పక్క మనిషి. పొయ్యే ముందు నా రూమోళ్లు నేర్పిచ్చినారు: "ఏమడిగినా బాగుండా అను. దిగులుగా ఉందంటే అన్‌ఫిట్ కొట్టి ఊరికి పంపుతారు."

నిద్ర పడుతుందా అనింది. బాగా అంటి. అద్దం చూసుకుంటే? బాగుంటాది. మీ అమ్మ గుర్తొస్తే? బాగుంటాది మేడమ్.

పకపకా నవ్వింది. "కువైట్ మొత్తంలో ఇంత బాగున్నోణ్ణి నిన్నే చూశానయ్యా! ఇది ఇఖామాకి, అదే ఇక్కడ ఉండే పర్మిట్‌కి, చేసే మెడికల్ కాదు బాబూ. ఇక్కడ అన్‌ఫిట్టూ లేదు, ఊరికి పంపడవూ లేదు."

మళ్లా మెల్లగా, "చేయించుకోమని ఎవరన్నారు?"

"నేనే."

"మరి తలుపు వైపెందుకు చూస్తున్నావ్?"

తలుపవతల మామా ఉంది. నాకు రేగింది. "సంతకం పెట్టు మేడమ్, నా పని పోతాది" అని అరిస్తి. ఆమె అరవలే. బయటికి పోయి అరబ్బీలో "ఇప్పుడే వద్దు, ఇది నా నిర్ణయం" అని మామాతో చెప్పింది. నా మీదికి ఏమీ రానీలే. తిట్లన్నీ ఆమే తినింది.

తర్వాత మామా తన మొగం మెరుగు చేపిచ్చుకునేకి ఆ క్లినిక్‌కు పోయినప్పుడంతా నేను డాక్టరమ్మ దగ్గర కూర్చునేవాణ్ణి. అందరూ నా ఎడంపక్కే నిలబడి మాట్లాడతారు. నువ్వు టీ ఇచ్చేదీ ఆ పక్కనుంచేలే అక్కా. ఆమె మాత్రం కుర్చీ బర్రుమని లాక్కోని మచ్చ ఉండే పక్కకు వచ్చి కూర్చునేది. "నీకే కావాలంటే రా, నేనే సంతకం పెడతాను. మీ మామాకి కావాలంటే మాత్రం పెట్టను" అనేది.

నాకు కావాల్నో వద్దో ఇంగా నాకే దెల్దు. తెల్దు అని చెప్పొచ్చని కూడా ఆమె దగ్గర్నే నేర్చుకున్యా.

ఈ పొద్దు మామా వేరే క్లినిక్‌కు పోదాం అనింది. ఆడ ఏమీ అడగరంట. పనిపోతే ఊర్లో ఏం తింటావ్ అని నువ్వంటావు. నాకూ భయమే. కానీ ఈడి కార్లకు స్టీరింగు ఎడంపక్క, ముందు సీటు నా కుడిపక్క ఖాళీగా ఉంటాది గదా. ఆ పక్కకు జూస్తే కుర్చీ లాక్కున్న చప్పుడే ఇనపడతాంది.

అదిగో, మామా యల్లా, పోదాం పా అంటాంది. ఆ క్లినిక్‌లో అడక్కపోయినా, నాకింగా తెల్దని చెప్పేకి పోతాండా. పోవాల.