మళ్ళీగారు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతం ఆ పేరు మీదే వస్తుంది కాబట్టి పోయే ప్రమాదం కూడా లేదు. కానీ పరీక్షశాలలో దాన్ని ఎవరూ వాడరు. లోకంలో ఏ పనైనా ఒక్కసారికే సరిగ్గా జరిగిందంటే ఆయన నమ్మరు. అంతా అయిపోయి అందరూ కుర్చీల్లోంచి లేచాక, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి "మళ్ళీ" అంటారు. అందుకే మళ్ళీగారయ్యారు.

ఒక కంపెనీ కరెంటు మీటరు, ఇంకో కంపెనీ నీళ్ళ హీటరు, మరో కంపెనీ కారు చార్జరు ఒకే ఇంట్లో ఉంటే ఒకదాని మాట ఒకదానికి అర్థమవుతుందా లేదా అని చూడడం ఆ పరీక్షశాల పని. అవి మాట్లాడుకోవలసిన భాషకు ఆరువందల పేజీల నియమావళి ఉంది. అన్ని కంపెనీలూ దాన్నే చదువుతాయి, ఎవరికి తోచినట్టు వాళ్ళు. పెద్ద కుటుంబాల్లో లాగే అందరిదీ ఒకే భాష, ఎవరి మాటా ఎవరి చెవికీ ఎక్కదు.

అలాంటి కొలువులో ఉన్న మనిషి ఇంటికి వెళ్ళాక మామూలుగా ఉంటాడనుకోవడం మన అమాయకత్వం. ఒకసారి డాక్టరు రక్తపోటు చూసి "బాగానే ఉందండీ" అన్నాడట. ఈయన చెయ్యి తీయలేదు. "మళ్ళీ" అన్నారు. అయిదోసారికి మళ్ళీగారి రక్తపోటు అలాగే ఉంది. డాక్టరుది పెరిగింది.

ఆఫీసులో అగ్నిప్రమాదం వస్తే ఎలా బయటికి రావాలో నేర్పే కసరత్తు ఈయనకు అప్పగించారు. ఒకే పొద్దున నాలుగుసార్లు గంట మోగించారు. నాలుగోసారికి జనం నిజంగా మంటలొచ్చినా కాలిపోదామన్న నిశ్చయానికి వచ్చేసి, సీట్లలోంచి కదల్లేదు. 

ఆయన భార్య చెప్పేది ఇంకో ముచ్చట. "నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగారు. నేను సిగ్గుపడుతూ సరే అన్నాను. 'మళ్ళీ చెప్పు' అన్నారు. అబ్బ, ఎంత ప్రేమో అనుకున్నాను. మూడోసారి చెప్పించుకున్నాక తెలిసింది, రోగమని!"

ఇలా సాగుతుండగా పరీక్షశాలకు కొత్త మేనేజరు వచ్చింది. ఆవిడకు వేగమంటే ప్రాణం. వచ్చిన వారంలోనే గోడ నిండా రంగురంగుల పటాలు అతికించింది. మిగతావాళ్ళు ఒక పరికరాన్ని రెండు రోజుల్లో తేలుస్తుంటే మళ్ళీగారికి తొమ్మిది రోజులు పడుతోందని ఆ పటాలు ఎర్రరంగులో చాటాయి. ఈ రోగమేదో దగ్గరుండి కుదుర్చుదామని ఆవిడ కుర్చీ తెచ్చుకుని ఆయన బల్ల పక్కనే కూర్చుంది.

ఆ రోజు బల్ల మీదున్నది ఒక అన్నాచెల్లెళ్ళు తయారుచేసిన నీళ్ళ హీటరు. వాళ్ళ కంపెనీ మొత్తం ఆరుగురు, ఒక అద్దెషెడ్డు. కొత్తగా కడుతున్న ఇళ్ళవాళ్ళు ఈ హీటర్లే కొంటామన్నారు, కాకపోతే నెలాఖరులోగా ధ్రువపత్రం చూపించాలి. లేకపోతే షెడ్డుకు తాళమే. ఇద్దరూ బల్ల అవతల నిలబడి చూస్తున్నారు.

పరీక్ష వినడానికి చాలా తేలిక. కరెంటు తక్కువైనప్పుడు మీటరు "కాసేపు వాడకం తగ్గించు" అని సందేశం పంపుతుంది. హీటరు "సరే" అని తగ్గాలి. మీటరు సందేశం పంపింది. హీటరు పిలిచినా పలకని అల్లుడిలా కులాసాగా నీళ్ళు కాచుకుంటూ కూర్చుంది.

"మళ్ళీ" అన్నారు మళ్ళీగారు.

ఈసారి తగ్గింది. చెల్లెలు చప్పట్లు కొట్టబోయింది.

"మళ్ళీ."

తగ్గలేదు.

రెండు రోజులు ఇదే వరస. పదకొండో పరీక్ష కూడా తప్పాక మేనేజరమ్మ ఓపిక నశించింది.

"ఏమండీ, తప్పిందని రాసి పంపించెయ్యండి. ఇంకా ఎన్నాళ్ళు?"

"పరీక్ష ఇంకా పూర్తి కాలేదండీ."

"పదకొండుసార్లు చేశారు కదా!"

"పన్నెండోది మనం చూడలేదు కదండీ."

"పోనీ, ఎక్కడ తప్పుతోందో వాళ్ళకు చెప్పెయ్యండి."

"పరీక్షించేవాడు జవాబు చెప్పకూడదని రూలండీ. మళ్ళీ చెయ్యకూడదని మాత్రం ఎక్కడా లేదు."

ఆవిడ విసురుగా లేచింది. ఆ తప్పినట్టు రాసే ఫారమేదో తనే నింపేద్దామని గదికి వెళ్ళి రూల్స్ పుస్తకం తీసింది. ఫారం నింపిన మరుక్షణం ఆ కంపెనీ వరస చివరికి పోతుంది. మళ్ళీ తన వంతు రావడానికి ఎనిమిది నెలలు. పరీక్ష నడుస్తున్నంతసేపూ మాత్రం బల్ల వాళ్ళదే. ఎన్నిసార్లని రాయడం పుస్తకం రాసిన మహానుభావుడు మరిచిపోయాడు.

ఎందుకో అనుమానమొచ్చి పాత ఫారాల బీరువా తెరిచింది. మిగతావాళ్ళ పేర్ల మీద కట్టలకు కట్టలున్నాయి. మళ్ళీగారి పేరున్న అరలో ఇరవై రెండేళ్ళ దుమ్ము తప్ప కాగితం ముక్క లేదు.

అప్పుడావిడ ఈ రెండు రోజుల రిజిస్టరు తెప్పించుకుని వరస వరసగా చదివింది. పదకొండుసార్లూ ఒకటే పరీక్ష కాదు. ప్రతిసారీ ఒకే ఒక్కటి మారింది. మొదట వేళ, తర్వాత గడువు, ఆ తర్వాత మీటరు. "ఎప్పుడు మొదలుపెట్టాలి" అన్న చోట ఒకసారి గంటా నిమిషం వేసి, ఒకసారి సున్నా వేసి, మళ్ళీ గంటా నిమిషం, మళ్ళీ సున్నా. బడిపిల్లకు వేలు పట్టుకుని అక్షరం దిద్దించినట్టుగా ఉంది. నోటితో చెప్పకూడదని రూలు గనక, ఆయన పరీక్షతోనే చెబుతున్నారు.

ఆవిడ ఫారాన్ని చేతిలోనే మడుచుకుని బల్ల దగ్గరికి వచ్చేసరికి చెల్లెలు కేక పెట్టింది.

"అన్నయ్యా, సున్నా! సున్నా వచ్చినప్పుడే మొరాయిస్తోంది!"

నియమావళిలో సున్నా అంటే "ఇప్పుడే" అని అర్థం. వీళ్ళ హీటరు దాన్ని కంప్యూటర్ల గడియారం పుట్టిన మొట్టమొదటి క్షణంగా లెక్కగట్టి, ఎన్నో ఏళ్ళ కిందట అయిపోయిన పనికి ఇప్పుడు నన్నెందుకు పిలుస్తారని ఊరుకుంటోంది. అన్న ప్రోగ్రాములో ఒక్క వరస మార్చాడు. మీటరు సందేశం పంపింది. హీటరు బుద్ధిగా తగ్గింది. అన్నాచెల్లెళ్ళు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గెంతారు.

మళ్ళీగారి మొహంలో ఏ భావమూ లేదు. ఇంకో మూడుసార్లు చేయించి, వాళ్ళ ఉత్సాహమంతా నీరుగార్చాకే సంతకం పెట్టారు.

వాళ్ళు వెళ్ళిపోయాక మేనేజరమ్మ అడిగింది. "ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనిది. అందరిచేతా తిట్లు తింటున్నారు. ఎందుకు చేస్తున్నారో ఒక్కరికైనా చెప్పొచ్చు కదండీ?"

ఆయన కంగారుపడి చుట్టూ చూశారు.

"అమ్మో! చెబితే అది రూలవుతుంది మేడమ్. రూలైతే దానికో ఫారం వస్తుంది. ఫారం వస్తే, ఎన్నిసార్లు చెయ్యొచ్చో అందులో రాస్తారు."

ఆ సాయంత్రం పై ఆఫీసుకు పంపిన నివేదికలో ఆయన గురించి ఆవిడ మూడే ముక్కలు రాసింది: "చాలా నెమ్మది మనిషి. ఎన్ని విధాల ప్రయత్నించినా మారే సూచనలు లేవు. కారణం తెలియరాలేదు."